పొగమంచు ఎలా పుడుతుంది? తుషార స్థానం అంటే ఏమిటి?



జనవరి నెలలో హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో వెళ్ళిన వారెవరైనా మీ ఇంట్లో ఉంటే ఒకసారి అడిగి చూడండి. నాగపూర్, భోపాల్ దాకా ప్రయాణం మామూలుగానే సాగుతుంది. గ్వాలియర్ దాటి, గంగా యమునా మైదానంలోకి అడుగుపెట్టే వేళకు కిటికీ బయట తెల్లని తెర వాలుతుంది. పక్కనున్న పట్టాలు కనిపించవు, స్టేషను పేరు కనిపించదు. ఇంజను నడిపే వ్యక్తికి ముందున్న సిగ్నల్ కూడా కనిపించదు. రైలు నడక మందగిస్తుంది. ఢిల్లీ చేరేసరికి గంటల కొద్దీ ఆలస్యం.

అంత దూరం వెళ్ళనక్కరలేదు. సంక్రాంతి రోజుల్లో విజయవాడ - హైదరాబాద్ రహదారి మీద తెల్లవారుజామున ప్రయాణించినా చాలు. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ వెనుక ఎర్రదీపం, మన వాహనం దాని దగ్గరికి వెళ్ళేదాకా కనిపించదు. ప్రతి చలికాలంలోనూ ఇలాంటి రోడ్ల మీద ఎందరో ప్రాణాలు కోల్పోతున్నారు. పండుగకు ఊరు బయలుదేరిన కుటుంబాలు దారిలోనే ఆగిపోతున్నాయి.

పొగమంచును మనం ఆపలేం. కాని అది వస్తుందో రాదో ముందురోజు సాయంత్రమే కొంతవరకు అంచనా కట్టవచ్చు. ఇందుకు ముఖ్యంగా రెండు అంకెలు తెలియాలి. మొదటిది గాలి ఉష్ణోగ్రత. అది అందరికీ తెలిసిందే. రెండోది తుషార స్థానం. ఇంగ్లీషులో దీన్ని డ్యూ పాయింట్ అంటారు. ఈ రెండో అంకె అర్థమైతే పొగమంచు రహస్యం చాలావరకు విడిపోయినట్లే. అదేమిటో ఇప్పుడు చూద్దాం.

మంచు: మాట ఒకటే, అర్థాలు అనేకం

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. తెలుగులో "మంచు" అనే ఒక్క పదాన్ని మనం చాలా వాటికి వాడతాం. గడ్డిపరక మీద మెరిసే నీటి బొట్టూ మంచే. హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. తెల్లవారుజామున దారి కప్పేసేదీ మంచే. శాస్త్రంలో వీటిని విడదీసి చూడాలి. ఆకుల మీద, గడ్డి మీద ఏర్పడే నీటి బొట్లను ఇక్కడ తుషారం అందాం. నేలను ఆనుకుని గాలిలో తేలే సన్నని నీటి బిందువుల సముదాయాన్ని పొగమంచు అందాం.

మరో సంగతి. "రాత్రి మంచు కురిసింది" అంటాం. వాన కురిసినట్లు అది పైనుంచి కురిసిందనే భావం అందులో ఉంది. నిజానికి తుషారం పైనుంచి కురవదు. పొగమంచూ ఆకాశం నుంచి దిగిరాదు. మన చుట్టూ ఉన్న గాలిలో కంటికి కనిపించకుండా ఉన్న నీటి ఆవిరే అక్కడికక్కడ నీరుగా మారుతుంది. పొగమంచు అంటే నేల మీద ఏర్పడిన మేఘమే.

వాతావరణ శాస్త్రజ్ఞులు దీనికి ఒక కొలత కూడా పెట్టారు. నీటి బిందువుల వల్ల ఒక కిలోమీటరు లోపు దూరం మాత్రమే కనిపిస్తుంటే దాన్ని పొగమంచు అంటారు. కనిపించే దూరం 200 మీటర్ల కంటే తగ్గితే దట్టమైన పొగమంచు. 50 మీటర్ల కంటే తగ్గితే అతి దట్టమైన పొగమంచు.

గాలిలో దాగి ఉన్న నీరు

ఆరేసిన బట్టలు ఆరిపోతాయి. చెరువు నీరు తగ్గుతుంది. ఆ నీరంతా ఆవిరై గాలిలో కలుస్తుంది. నీటి ఆవిరి కంటికి కనిపించదు. అయితే ఒక ఘనపు మీటరు చోటులో ఎంత ఆవిరి ఉండగలదనే దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఈ అంకెలు చూడండి.

సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద: సుమారు 4.8 గ్రాములు
10 డిగ్రీల వద్ద: 9.4 గ్రాములు
20 డిగ్రీల వద్ద: 17.3 గ్రాములు
30 డిగ్రీల వద్ద: 30.4 గ్రాములు

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ హద్దు దాదాపు రెట్టింపు అవుతోంది. ఎందుకు? నీటి ఉపరితలం నుంచి అణువులు ఎప్పుడూ గాలిలోకి లేచిపోతుంటాయి. గాలిలోని అణువులు కొన్ని తిరిగి నీటిలోకి వచ్చి చేరుతుంటాయి. వేడి పెరిగితే లేచిపోయే అణువుల సంఖ్య చాలా పెరుగుతుంది. అందువల్ల రాకపోకలు సమానం కావాలంటే గాలిలో ఎక్కువ ఆవిరి ఉండాలి. ఇలా రాకపోకలు సమానమైన స్థితినే సంతృప్త స్థితి అంటారు.

హద్దులో ఎన్నో వంతు ఆవిరి ప్రస్తుతం ఉందో చెప్పేది సాపేక్ష ఆర్ద్రత. వార్తల్లో "గాలిలో తేమ 60 శాతం" అని చెప్పేది దీని గురించే. 20 డిగ్రీల గాలిలో 60 శాతం తేమ ఉందంటే, ఒక ఘనపు మీటరులో 17.3 గ్రాములలో 60 శాతం, అంటే సుమారు 10.4 గ్రాముల ఆవిరి ఉన్నదన్నమాట. ఈ ఉదాహరణను గుర్తుపెట్టుకోండి. చివరిదాకా మనకు ఇది ఉపయోగపడుతుంది.

తుషార స్థానం

సాయంత్రం అయింది. పైన చెప్పిన గాలి క్రమంగా చల్లబడుతోంది. కొత్తగా ఆవిరి చేరలేదు, ఉన్నది పోలేదు. 20 డిగ్రీల నుంచి 18, 16, 14... ఆవిరి అంతే ఉంది గాని, హద్దు తగ్గుతూ వస్తోంది. 12 డిగ్రీలకు వచ్చేసరికి ఆ గాలి హద్దును తాకుతుంది. సాపేక్ష ఆర్ద్రత 100 శాతం అవుతుంది. ఇంకా చల్లబడితే ఎక్కువైన ఆవిరి నీరుగా మారక తప్పదు. ఈ మార్పునే సాంద్రీకరణం అంటారు.

ఆవిరి పరిమాణం, వాతావరణ పీడనం మారకుండా గాలిని చల్లబరుస్తూ పోతే ఏ ఉష్ణోగ్రత వద్ద అది సంతృప్తమవుతుందో, ఆ ఉష్ణోగ్రతే ఆ గాలి తుషార స్థానం. మన ఉదాహరణలో అది 12 డిగ్రీలు.

ఇక్కడ విద్యార్థులు సాధారణంగా పొరపడే విషయం ఒకటి ఉంది. సాపేక్ష ఆర్ద్రత రాత్రి పెరిగి, మధ్యాహ్నం తగ్గుతుంది. గాలిలోకి నీరేదీ కొత్తగా రాకపోయినా, వేడి మారినంత మాత్రానే అది మారిపోతుంది. తుషార స్థానం అలా మారదు. గాలిలో ఉన్న అసలు ఆవిరి ఎంతో అదే చెబుతుంది. ఆవిరి పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది.

దీన్నిబట్టి ఒక చిత్రమైన సంగతి తేలుతుంది. పొగమంచు కమ్మిన ఢిల్లీలో 10 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో ఉన్న ఆవిరి 9.4 గ్రాములే. ఉక్కపోతతో చెమటలు కారే రోజున, విశాఖపట్నం తీరంలో 30 డిగ్రీల వద్ద 75 శాతం తేమ ఉందనుకోండి. అక్కడి గాలిలో ఉన్న ఆవిరి దాదాపు 23 గ్రాములు. అంటే పొగమంచు గాలి కంటే రెండింతలకు పైగా! అయినా అక్కడ పొగమంచు లేదు. ఎక్కువ తేమ ఉండటం కాదు ముఖ్యం. గాలి ఉష్ణోగ్రత దాని తుషార స్థానాన్ని చేరడం ముఖ్యం.

ఇంట్లో చేసి చూడండి

తుషార స్థానాన్ని మీరే కొలవవచ్చు. మెరిసే స్టీలు గ్లాసులో సగం దాకా మామూలు నీళ్ళు పోయండి. అందులో ఒక ఉష్ణమాపకం ఉంచండి. చిన్న చిన్న ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ కలపండి. గ్లాసు బయటి వైపు గమనించండి. ఒక దశలో దాని మెరుపు మసకబారుతుంది. వేలితో రాస్తే గీత పడుతుంది. ఆ క్షణాన ఉష్ణోగ్రత రాసుకోండి. తరువాత ఐసు వేయడం ఆపి, మసక పోయే వేళ ఉష్ణోగ్రత మళ్ళీ రాసుకోండి. ఈ రెండింటి సగటు, ఆ గదిలోని గాలి తుషార స్థానానికి చాలా దగ్గరగా ఉంటుంది. మీ ఊపిరి గ్లాసుకు తగలకుండా మాత్రం జాగ్రత్త పడండి. ఊపిరిలో ఆవిరి ఎక్కువ.

గ్లాసు బయట చేరిన ఆ తడి లోపలి నీళ్ళు కారడం వల్ల వచ్చింది కాదు. చుట్టూ ఉన్న గాలి ఇచ్చినదే. 1820లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ ఫ్రెడరిక్ డేనియల్ తయారుచేసిన ఆర్ద్రతా మాపకం ఈ సూత్రం మీదనే పనిచేసింది. ఆయన ఐసుకు బదులు ఈథర్‌ను వాడాడు.

రాత్రిపూట నేల ఎలా చల్లబడుతుంది?

గ్లాసును చల్లబరచడానికి మనం ఐసు వేశాం. మరి రాత్రిపూట పొలాలను, గడ్డిని చల్లబరిచేది ఏమిటి?

లండన్‌లో వైద్యుడిగా ఉన్న విలియం చార్లెస్ వెల్స్ ఈ ప్రశ్నను పట్టుకున్నాడు. తూచిన ఉన్ని కుచ్చులను రాత్రిపూట ఆరుబయట ఉంచి, ఉదయం మళ్ళీ తూచేవాడు. కొన్నింటిని తెరిపి ఆకాశం కింద, కొన్నింటిని బల్ల నీడన ఉంచాడు. ఆకాశానికి ఎదురుగా ఉన్న ఉన్ని ఎక్కువ తడి పట్టింది. నేల తన వేడిని కంటికి కనిపించని వికిరణ రూపంలో ఆకాశంలోకి పంపి చల్లబడుతుందని, ఆ చల్లదనం వల్లనే తుషారం ఏర్పడుతుందని ఆయన 1814లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. ఇందుకు రాయల్ సొసైటీ ఆయనకు రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చింది.

ఈ కథలో మన దేశానికీ పాత్ర ఉంది. యంత్రాలు లేని కాలంలో అలహాబాదు, అంటే నేటి ప్రయాగ్‌రాజ్ ప్రాంతంలో, చలికాలపు రాత్రుల్లో గడ్డి పరచిన గుంతల్లో వెడల్పాటి మట్టి మూకుళ్ళు పెట్టి, కొద్దిగా నీళ్ళు పోసి ఉంచేవారు. చుట్టూ గాలి గడ్డకట్టేంత చల్లగా లేకపోయినా తెల్లవారేసరికి మూకుళ్ళలో మంచుగడ్డ తయారయ్యేది. దీని గురించి సర్ రాబర్ట్ బార్కర్ 1775లో రాశాడు. వెల్స్ తన గ్రంథంలో ఈ మంచుగడ్డల సంగతిని కూడా చర్చించాడు. మన పనివాళ్ళ చేతి అనుభవంలో ఉన్నదాన్నే ఆయన సిద్ధాంతంగా వివరించాడన్నమాట.

ఆకాశంలో మబ్బులు ఉంటే నేల ఇంతగా చల్లబడదు. మబ్బులు దుప్పటిలాగా పనిచేసి, వేడిలో చాలా భాగాన్ని తిరిగి నేలకే పంపుతాయి. అందుకే మబ్బులేని చుక్కల రాత్రి తరువాతనే సాధారణంగా పొగమంచు వస్తుంది.

తుషారమా? పొగమంచా?

నేల, గడ్డి ముందుగా చల్లబడతాయి. వాటి ఉష్ణోగ్రత గాలి తుషార స్థానం కంటే కిందికి దిగగానే వాటి మీద తుషారం చేరుతుంది. ఇందుకు గాలి అంతా చల్లబడనక్కరలేదు. పొగమంచు ఏర్పడాలంటే మాత్రం నేలను ఆనుకుని ఉన్న గాలిపొర మొత్తం తుషార స్థానానికి చేరాలి.

దీనికి గాలి కదలిక చాలా కీలకం. గాలి పూర్తిగా స్తంభించిపోతే చల్లదనం నేలను అంటుకునే ఉండిపోతుంది. తుషారం మాత్రమే పడుతుంది. గాలి బలంగా వీస్తే పైనున్న వెచ్చని, పొడి గాలి కలిసిపోయి పొగమంచు నిలవదు. ఆకు కదిలీ కదలనట్లు మెల్లగా వీచే గాలి ఉంటేనే చల్లదనం కొన్ని పదుల మీటర్ల ఎత్తు వరకు పరుచుకుని, పొగమంచు గట్టిపడుతుంది.

ఇక్కడ మరో విశేషం గమనించండి. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారితే సుమారు 2,500 జౌళ్ళ గుప్తోష్ణం వెలువడుతుంది. ఒక ఘనపు మీటరు గాలిని దాదాపు 2 డిగ్రీలు వెచ్చబరచడానికి ఇది చాలు. అందుకే తుషార స్థానం చేరాక గాలి చల్లబడే వేగం తగ్గిపోతుంది. గాలిలో తేమ బాగా ఉన్న రాత్రి కనీస ఉష్ణోగ్రత సాయంత్రపు తుషార స్థానం కంటే మరీ కిందికి సాధారణంగా పోకపోవడానికి కారణం ఇదే.

రెండు చుక్కల నీరు

దారి మొత్తాన్ని కప్పేసే పొగమంచులో ఎంత నీరు ఉంటుందనుకుంటున్నారు? ఒక ఘనపు మీటరులో 0.1 గ్రాము అనుకుందాం. అంటే రెండు చుక్కలు! రెండు చుక్కల నీరు మన కళ్ళకు గంతలు ఎలా కట్టగలదు?

ఆ నీరంతా 10 మైక్రోమీటర్ల వ్యాసం గల బిందువులుగా చీలిందనుకోండి. మన తల వెంట్రుక మందం ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. లెక్క వేస్తే ఒక ఘనపు మీటరులో దాదాపు 19 కోట్ల బిందువులు ఉంటాయి. ఇవి ఎంత తేలికంటే, నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే కిందికి దిగుతాయి. ఒక్కొక్క బిందువూ వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది. ఈ లెక్కన కనిపించే దూరం సుమారు 130 మీటర్లకు పడిపోతుంది.

ఇప్పుడు అదే 0.1 గ్రాము నీరు అందులో సగం వ్యాసం ఉన్న, అంటే 5 మైక్రోమీటర్ల బిందువులుగా చీలితే? బిందువుల సంఖ్య ఎనిమిది రెట్లవుతుంది. వెలుగుకు అడ్డుపడే మొత్తం వైశాల్యం రెట్టింపవుతుంది. కనిపించే దూరం 65 మీటర్లకు తగ్గిపోతుంది. నీరు పెరగలేదు, బిందువులు చిన్నవయ్యాయి, అంతే.

బిందువులు ఎందుకు చిన్నవవుతాయి? ఆవిరి నీరుగా మారాలంటే పట్టుకోవడానికి ఒక ఆధారం కావాలి. గాలిలో తేలే ధూళి, ఉప్పు, పొగ రేణువులే ఆ ఆధారం. వీటిని సాంద్రీకరణ కేంద్రకాలు అంటారు. ఫ్రాన్స్‌కు చెందిన కూలియే 1875లోనూ, ఆ తరువాత స్కాట్లండ్‌కు చెందిన జాన్ ఐట్‌కెన్ కూడా, వడగట్టిన శుభ్రమైన గాలిలో పొగమంచు ఏర్పడటం ఎంత కష్టమో ప్రయోగాలు చేసి చూపారు. కేంద్రకాలు ఎక్కువైతే ఉన్న నీటిని ఎక్కువ మంది పంచుకున్నట్లవుతుంది. ఒక్కొక్క బిందువు చిన్నదవుతుంది. పొగమంచు చిక్కబడుతుంది. తేమను ఇష్టంగా పీల్చుకునే రేణువులైతే, ఆర్ద్రత 100 శాతం చేరకముందే ఉబ్బి మసక కల్పిస్తాయి.

మన పెద్దలు పెట్టిన "పొగమంచు" అనే పేరులో పొగ, మంచు రెండూ ఉన్నాయి. పొగలాగా కనిపిస్తుందని ఆ పేరు పెట్టి ఉంటారు. ఈనాటి నగరాల్లో మాత్రం అది అక్షరాలా నిజమైంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మిన విషపు పొగమంచులో, బొగ్గు పొగ కలిసిపోయి వేల మంది చనిపోయారు. అప్పటి లెక్కల ప్రకారమే ఆ సంఖ్య సుమారు 4,000. ఆ విషాదం తరువాతనే బ్రిటన్ 1956లో శుభ్రమైన గాలి చట్టం చేసింది.

ఢిల్లీకి, విజయవాడకు తేడా ఎందుకు?

కృష్ణా తీరంలో వచ్చే పొగమంచు ఎక్కువ రోజులు ఉదయం తొమ్మిది, పది గంటలకల్లా విడిపోతుంది. ఢిల్లీలో అది ఒక్కోసారి రోజంతా నిలుస్తుంది. కారణాలు చూద్దాం.

మొదటిది రాత్రి పొడవు. డిసెంబరు చివరి వారంలో ఢిల్లీలో రాత్రి దాదాపు 13 గంటల 40 నిమిషాలు ఉంటుంది. విజయవాడలో సుమారు 12 గంటల 50 నిమిషాలు. నేల చల్లబడటానికి అక్కడ మరింత సమయం దొరుకుతుంది.

రెండోది సూర్యుడి ఎత్తు. ఆ రోజుల్లో మధ్యాహ్నం విజయవాడలో సూర్యుడు దిగంతానికి సుమారు 50 డిగ్రీల ఎత్తున ఉంటే, ఢిల్లీలో 38 డిగ్రీల ఎత్తు దాకానే వస్తాడు. ఏటవాలుగా పడే ఎండకు బలం తక్కువ. పొగమంచు పైభాగం ఆ ఎండలో చాలా భాగాన్ని వెనక్కి పంపేస్తుంది. నేల వేడెక్కితేనే పొగమంచు విడుతుంది. పొగమంచు విడితేనే నేల వేడెక్కుతుంది!

మూడోది తేమ. చలికాలంలో పశ్చిమం నుంచి వచ్చే వాతావరణ కల్లోలాలు ఉత్తర భారతంలో వానలు కురిపిస్తాయి. అవి దాటిపోయాక ఆకాశం తేటపడుతుంది, గాలి నెమ్మదిస్తుంది, నేల మాత్రం తడిగా ఉంటుంది. పంజాబ్ నుంచి బీహార్ వరకు నీరు పెట్టిన గోధుమ చేలు ఈ తడికి తోడవుతాయి. నేల దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చని గాలి మూతలాగా నిలిచిపోతాయి. ఈ స్థితిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పొగ, ధూళి, ఆవిరి అన్నీ ఆ మూత కిందనే చిక్కుకుంటాయి. ఉపగ్రహ చిత్రాల్లో హిమాలయాల అంచు వెంబడి పాకిస్తాన్ నుంచి బంగ్లాదేశ్ వైపు పరుచుకున్న తెల్లని పట్టీ కనిపించేది ఇలాంటి రోజుల్లోనే.

ఈ పొగమంచును దగ్గరగా పరిశీలించడానికి పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ ఆధ్వర్యంలో, 2015-16 చలికాలంలో ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయంలో ఒక ప్రత్యేక పరిశోధన మొదలైంది. గాలి, నేల, రేణువులు, బిందువులు అన్నింటినీ ఒకేచోట కొలిచి, పొగమంచును ముందుగా చెప్పే పద్ధతులను మెరుగుపరచడం దాని ఉద్దేశం.

పొగమంచుకు ఇతర మార్గాలు

మనం ఇంతవరకు చెప్పుకున్నది వికిరణ పొగమంచు. గాలి తుషార స్థానాన్ని చేరే దారులు ఇంకా ఉన్నాయి. వెచ్చని తేమగాలి చల్లని సముద్రం మీదికి వస్తే కింది నుంచి చల్లబడి పొగమంచు అవుతుంది. కెనడాకు తూర్పున న్యూఫౌండ్‌లాండ్ దగ్గర చల్లని లాబ్రడార్ ప్రవాహం, వెచ్చని గల్ఫ్ స్ట్రీమ్ కలిసే చోట ఇది తరచుగా జరుగుతుంది. కొండ వాలు వెంట తేమగాలి పైకి ఎక్కేటప్పుడు వ్యాకోచించి చల్లబడుతుంది. అరకులోయకు వెళ్ళే అనంతగిరి ఘాట్ రోడ్డు మీద వాహనాలను చుట్టుముట్టే తెల్లని మబ్బు ఎక్కువగా ఇలాంటిదే. చలి ఉదయాన చెరువు మీద పొగలు లేస్తున్నట్లు కనిపించడం మరో రకం. వెచ్చని నీటి నుంచి లేచిన ఆవిరి పైనున్న చల్లని గాలిలో కలిసి బిందువులవుతుంది. మీరు స్నానానికి తోడుకున్న వేడినీళ్ళ బకెట్టు మీద కనిపించేదీ అదే.

సాయంత్రపు లెక్క

ఇక మొదట్లో అనుకున్న విషయానికి వద్దాం. వాతావరణ కేంద్రాల్లో తడి, పొడి బల్బుల ఉష్ణమాపకాలతో తుషార స్థానం లెక్కిస్తారు. విమానాశ్రయాలు క్రమం తప్పకుండా ఇచ్చే వాతావరణ సమాచారంలో ఉష్ణోగ్రత, తుషార స్థానం పక్కపక్కనే ఉంటాయి. ఈ రెండు అంకెలు దగ్గరవుతున్న కొద్దీ అధికారులు అప్రమత్తమవుతారు. ఇప్పుడు మొబైల్ ఫోన్లలో వచ్చే వాతావరణ సమాచారంలోనూ తుషార స్థానం చూడవచ్చు.

అది దొరకకపోతే ఒక సులభమైన లెక్క ఉంది. 100 నుంచి సాపేక్ష ఆర్ద్రతను తీసివేయండి. వచ్చినదాన్ని 5తో భాగించండి. ఆ ఫలితాన్ని గాలి ఉష్ణోగ్రత నుంచి తీసివేయండి. తేమ 50 శాతం కంటే ఎక్కువగా ఉన్నప్పుడు ఈ లెక్క బాగానే కుదురుతుంది. మన మొదటి ఉదాహరణ చూడండి: 100లో 60 పోగా 40, దాన్ని 5తో భాగిస్తే 8, 20లో 8 పోతే 12 డిగ్రీలు. ఇందాక వచ్చిన జవాబే.

ఇప్పుడు ఒక సంక్రాంతి సాయంత్రం. ఉష్ణోగ్రత 24 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుందాం. తుషార స్థానం 20 డిగ్రీలు. తెల్లవారేసరికి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు దిగుతుందని వాతావరణ సూచన చెబుతోంది. ఆకాశం తేటగా ఉంది, గాలి మందంగా ఉంది. అలాంటప్పుడు పొగమంచు వచ్చే అవకాశం బాగా ఉంది. అదే 24 డిగ్రీల వద్ద తేమ 60 శాతమే అయితే తుషార స్థానం 16 డిగ్రీలు. 18 డిగ్రీల దగ్గర పొగమంచు రాకపోవచ్చు. అయితే రాత్రి మబ్బు పట్టినా, గాలి పెరిగినా లెక్క తారుమారవుతుంది. నది ఒడ్డున, పల్లపు ప్రాంతంలో పొగమంచు ముందుగా కమ్ముతుందని కూడా మరువకండి.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో ఇంకో లెక్క చెబుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే వాహనం సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. ముందు 50 మీటర్లే కనిపిస్తున్నాయంటే, అడ్డంకి కనిపించాక చేతిలో ఉన్నది రెండు సెకన్లకు కొంచెం ఎక్కువ. తడి రోడ్డు మీద ఆ వేగంలో వాహనం పూర్తిగా ఆగడానికి 80 మీటర్లకు పైగా కావాలి. ఎంత నేర్పున్న డ్రైవరైనా ఈ లెక్కను గెలవలేడు. వేగం 30 కిలోమీటర్లయితే దాదాపు 20 మీటర్లలో ఆగవచ్చు. హైబీమ్ వెలుగు బిందువుల మీద పడి తిరిగి మన కళ్ళలోకే వస్తుంది గనుక, డిమ్ లైటు వాడాలి. రోడ్డు మీదనే వాహనం ఆపకూడదు. అన్నిటికన్నా మంచి పని, సాయంత్రమే రెండు అంకెలు చూసి, ప్రయాణాన్ని పొద్దెక్కిన తరువాతకు మార్చుకోవడం.

రైల్వేలు కూడా ఇలాంటి జాగ్రత్తలే తీసుకుంటాయి. సిగ్నల్‌కు ముందు పట్టాల మీద చిన్న పేలుడు బిళ్ళలు అమర్చుతారు. చక్రం ఎక్కగానే అవి పేలి, సిగ్నల్ దగ్గరపడిందని ఇంజను నడిపేవారికి చెవి ద్వారా తెలుపుతాయి. ఇప్పుడు ఉపగ్రహ సంకేతాల సాయంతో రాబోయే సిగ్నల్‌ను ముందుగా చెప్పే పరికరాలు కూడా వాడుతున్నారు.

సారాంశం

పొగమంచు ఆకాశం నుంచి కురవదు. మన చుట్టూ ఉన్న గాలి తన తుషార స్థానానికి చల్లబడినప్పుడు అక్కడే పుడుతుంది. తేటైన ఆకాశం, పొడవైన రాత్రి, మందమైన గాలి, తడి నేల దానికి తోడ్పడతాయి. పొగ, ధూళి దాన్ని చిక్కబరుస్తాయి. మొదటి నాలుగూ ప్రకృతి చేతిలోనివి. చివరిది మాత్రం మన చేతిలోనిదే.

ఆలోచించండి, చేయండి

1. ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 75 శాతం ఉంటే తుషార స్థానం సుమారు ఎంత?

2. చెట్టు కింద గడ్డి కంటే ఆరుబయట గడ్డి మీద ఎక్కువ తుషారం ఎందుకు పడుతుంది?

3. వానాకాలంలో, ఏసీ వేసిన కారు అద్దాలకు బయటి వైపు మసక పడుతుంది. చలికాలంలో, ఏసీ లేకుండా నలుగురు కూర్చున్న కారులో లోపలి వైపు పడుతుంది. ఎందుకు?

4. డిసెంబరు, జనవరి నెలల్లో ప్రతి సాయంత్రం ఆరు గంటలకు మీ ఊరి ఉష్ణోగ్రత, తేమ రాసుకుని తుషార స్థానం లెక్కించండి. మరునాడు పొగమంచు వచ్చిందో లేదో పక్కనే రాయండి. రెండు నెలల తరువాత మీ పట్టికను మీ ఉపాధ్యాయులకు చూపండి. మీ అంచనా ఎన్నిసార్లు నిజమైందో, ఎన్నిసార్లు ఎందుకు తప్పిందో తరగతిలో చర్చించండి.